ఆల్పుహార్రా కొండ గ్రామాలు

స్పెయిన్ దక్షిణ భాగంలో, సియెర్రా నెవాడా పర్వతశ్రేణి దక్షిణపు వాలున ఆల్పుహార్రా అనే ఎండ ప్రాంతమున్నది. గ్రనాడా నగరంలో అల్‌హమ్రా కోటను చూచిన యాత్రికులలో అనేకులు, అందలుసియా ముస్లిముల గాథ 1492 (హిజ్రీ 897)లో అక్కడే ముగిసిందని తలచి వెనుదిరుగుతారు. నిజానికి ఆ గాథ మరి సుమారు ఎనభై ఏండ్లు ఈ కొండ గ్రామాలలో సాగింది.

పొకెయిరా లోయలో పంపనెయిరా, బుబియోన్, కపిలెయిరా గ్రామాలు ఒకదానిపై నొకటిగా వాలుకు అంటుకొని ఉన్నవి. రాయలసీమ మట్టి మిద్దెలను ఎరిగినవారికి ఇక్కడి ఇండ్లు కొత్తగా తోచవు. రాతి గోడలపై చెస్ట్‌నట్ దూలాలు వేసి, వాటిపై పలకరాళ్లో రెల్లో పరచి, ఆపైన 'లౌనా' అనే బూడిదరంగు బంకమన్ను దట్టంగా కప్పుతారు. తడిసినకొద్దీ ఆ మన్ను బిగుసుకొని నీటిని దిగనీయదు. ఇటువంటి కప్పులే మొరాకోలోని అట్లాస్ పర్వతాల బెర్బెర్ గ్రామాలలోనూ కానవస్తాయి.

గ్రామాలకు ప్రాణం నీరు. కొండపై మంచు కరిగే వేళ ఆ నీటిని ఎత్తైన కాలువల ద్వారా మళ్లించి, ఇంకే నేలలో వదలుతారు. అది వారాల, నెలల తరువాత దిగువన ఊటలుగా వెలువడి వేసవి పంటలకు అందుతుంది. కాలువకు అక్కడివారు 'అసేకియా' అంటారు. ఇది అరబీ 'అస్సాఖియా'. 'సాఖీ' అనే మాటకూ అదే ధాతువు. నీటి తొట్టికి వారనే 'అల్హీబె' అరబీ 'అల్‌జుబ్బ్' నుండి వచ్చింది. యూసుఫ్ (అలైహిస్సలాం)ను సోదరులు పడవేసిన బావికి ఖుర్ఆన్ వాడిన పదమిదే. పీత్రెస్ చుట్టుపట్ల గ్రామాల పాలనా విభాగాన్ని నేటికీ 'లా తాహా' అనే పిలుస్తారు. ఉర్దూలో మనమెరిగిన 'ఇతాఅత్'కు ఇది దగ్గరి చుట్టం.

ఈ మాటలు మిగలడం విశేషమే, ఎందుకంటే ఆ భాషనే ఒకనాడు నిషేధించారు. గ్రనాడా లొంగుబాటు ఒప్పందం ముస్లిములకు మత స్వేచ్ఛను హామీ ఇచ్చింది. అది పదేండ్లయినా నిలువలేదు; బలవంతపు మతమార్పిడులు జరిగాయి. 1567 జనవరి 1న రెండవ ఫిలిప్ రాజు శాసనం వెలువడింది. అరబీ మాట్లాడరాదు, వ్రాయరాదు. పాత దుస్తులు, స్నానశాలలు ఉండరాదు. ఫ్రాన్సిస్కో నూన్యెస్ ములే అనే వృద్ధ ప్రముఖుడు దానికి ప్రతిగా ఒక విజ్ఞాపన సమర్పించాడు. భాష వేరు, మతం వేరు అన్నది ఆయన వాదం. తూర్పు దేశాల క్రైస్తవులు అరబీ మాట్లాడుతూనే క్రైస్తవులుగా ఉన్నారు కదా అని ఆయన చూపించాడు. పాలకులు వినలేదు.

1568 డిసెంబరులో ఈ కొండలు తిరగబడ్డాయి. తిరుగుబాటుదారులు తొలి దినాలలోనే పలువురు మతాధికారులను, క్రైస్తవ గ్రామస్థులను చంపారు. ఈ నిజాన్ని దాచరాదు. దానికి రాజసైన్యాలు ఊచకోతలతో, స్త్రీలను పిల్లలను బానిసలుగా అమ్మడంతో బదులిచ్చాయి. 1570లో గ్రనాడా రాజ్యపు మొరిస్కోలను మూకుమ్మడిగా కాస్టీల్‌కు తరలించారు. దారిలో అనేకులు మరణించారు. 1609–1614 మధ్య మొరిస్కోలను స్పెయిన్ నుంచే వెళ్లగొట్టారు.

ఖాళీ అయిన ఇండ్లలోకి ఉత్తర ప్రాంతాల రైతులను తెచ్చారు. వారికి ఈ నీటి పద్ధతి తెలియదు. అది నేర్పేందుకు ఊరికి రెండు మొరిస్కో కుటుంబాలను ఉంచుకున్నారని అక్కడ ప్రతీతి. మాటను నిషేధించగలిగిన వారికి, ఆ మాట పలికిన చేతుల పని లేకుండా పొలం తడవలేదన్నమాట.

2014 నుండి గ్రనాడా విశ్వవిద్యాలయ పరిశోధకులు, సియెర్రా నెవాడా పరిసర గ్రామస్థులతో కలిసి, పూడిపోయిన పాత కాలువలను తిరిగి తవ్విస్తున్నారు. కనుక ఈ గ్రామాలకు వెళ్లేవారు తెల్లని గోడలను మాత్రమే చూచి మరలిపోరాదు. చాలా ఊళ్లలో మస్జిదు స్థలంలో చర్చి వెలసింది. మస్జిదు ఆనవాలు కంటికి ఆనదు. కాలువ గట్టున కాసేపు నిలిచి, నీళ్లు వదలే రైతు దానిని ఏమని పిలుస్తాడో వినాలి.