చేతికందే రెండో తెడ్డు

పటాన్‌చెరు, పాశమైలారంలో మిషన్ల మీద పనిచేసేవాళ్లకు, ప్రమాదంలో మిషన్‌ను ఆపే ఎర్ర బటన్ సంగతి తెలిసిందే. నిలబడ్డ చోటి నుంచి చెయ్యి అందకపోతే ఆ బటన్ ఉన్నా లేనట్టే. సెలవు రోజున వికారాబాద్ జిల్లా కోట్‌పల్లి జలాశయానికి వెళ్లి కయాక్ ఎక్కినా ఇదే లెక్క.

చేతిలోని తెడ్డు జారిందనుకోండి. అది నీటికి అంటుకుని తేలుతుంది కాబట్టి గాలికి పెద్దగా దొరకదు. కయాకూ, అందులో కూర్చున్న మనిషీ మాత్రం తెరచాపలా గాలికి అడ్డంగా ఉంటారు. గాలి మనల్ని గంటకు ఒక్క కిలోమీటరు వేగంతో నెట్టినా నిమిషంలో 16 మీటర్లకు పైగా ఎడం వచ్చేస్తుంది. ఎదురుగాలిలో చేతులతో నీళ్లు తోస్తూ దాన్ని అందుకోవడం గగనమే. మన మంజీరలోనైతే ఆ ఆలోచనే వద్దు. సంగారెడ్డి దగ్గరి మంజీర అభయారణ్యం మొసళ్లకు నెలవు.

దూరాలు వెళ్లేవాళ్లు అందుకే రెండు ముక్కలుగా విడదీసిన తెడ్డు ఒకటి అదనంగా తీసుకెళతారు. లోపలి అరలో దాస్తే భద్రమే కానీ, నడినీటిలో ఆ అర మూత తీసేదెలా? వెనక డెక్ మీద సాగే తాళ్ల కింద దోపితే అలల తాకిడి తక్కువ, ముందంతా ఖాళీగా ఉంటుంది. చాలామంది అలాగే చేస్తారు. నేనైతే ముందు డెక్కే మేలంటాను. వెనక్కి చెయ్యి చాచితే భుజం మెలిపడుతుంది, నడుం తిరిగేకొద్దీ పడవ ఒరుగుతుంది.

నడుం దాకా లోపల కూర్చునే కయాక్ బోల్తా పడితే ఈ తేడా ప్రాణం మీదకు వస్తుంది. తలకిందులైనా ముందుకు వంగితే ముందు డెక్ చేతికి తగులుతుంది. సన్నని కాడ తాళ్ల కింద, వెడల్పాటి ఆకు మనవైపు ఉంటే ఒక్క గుంజుకే ఊడి వస్తుంది. ముక్కలు కలపక్కర్లేదు, సగం తెడ్డు చాలు. ఆకుతో నీటిని కిందకు అదిమితే నీరు మనల్ని పైకి నెడుతుంది. ఆ ఊతంతో నడుం తిప్పి పడవను నిలబెట్టాలి. గ్రీన్‌లాండ్ వేటగాళ్లు ఈటె విసరడానికి వాడే నోర్సాక్ అనే పొట్టి చెక్కతోనే ఇలా పైకి లేచేవారు.

ఈసారి లైఫ్ జాకెట్ వేసుకుని, గట్టు పక్కన మోకాలి లోతులో, తోడుగా ఒకరిని నిలబెట్టుకుని, కళ్లు మూసుకుని ఆ తెడ్డును లాగి చూడండి. కుడి చేత్తో, ఎడమ చేత్తో, పదేసి సార్లు. ఏ చేతికి అందకపోయినా దాని చోటు మార్చాకే లోతుకు వెళ్లండి.