గాలిమర ఎవరిది? చమురు కష్టం నుంచి డెన్మార్క్ జనం వెతుక్కున్న దారి

పశ్చిమాసియాలో ఎక్కడ యుద్ధం మొదలైనా మొదట గుబులు పుట్టేది పెట్రోలు బంకు దగ్గరే. ఆటో నడిపేవాళ్ల రోజు సంపాదన, కూరగాయల లారీ కిరాయి, ఇంట్లో గ్యాస్ బండ ధర అన్నీ దానితోనే ముడిపడి ఉంటాయి. మన దేశం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి నుంచి కొనుక్కునేదే. ధర పెరిగితే తిట్టుకోవడం, తగ్గితే మర్చిపోవడం మనకు మామూలైపోయింది. అంతకు మించి మామూలు జనం చేయగలిగేది ఏమైనా ఉందా?

ఉందని యాభై ఏళ్ల కిందటే చేసి చూపించినవాళ్లు ఉన్నారు. వాళ్లు పెద్ద శాస్త్రవేత్తలూ కాదు, మంత్రులూ కాదు. టీచర్లు, రైతులు, వడ్రంగులు, కాలేజీ విద్యార్థులు. ఆ దేశం డెన్మార్క్. నేడు అక్కడ వాడే కరెంటులో సగానికి పైగా గాలి నుంచే వస్తోంది. ఇది ఒక్క రోజులో జరగలేదు, పైనుంచి వచ్చిన ఆదేశంతోనూ మొదలవలేదు.

కార్లు ఆగిపోయిన ఆదివారం

1973 అక్టోబరులో అరబ్బులకు, ఇజ్రాయెల్‌కు మధ్య యుద్ధం జరిగింది. ఇజ్రాయెల్‌కు అండగా నిలిచిన దేశాలకు చమురు అమ్మబోమని అరబ్ దేశాలు ప్రకటించాయి. అప్పటిదాకా బ్యారెల్ 3 డాలర్ల దగ్గర ఉన్న ధర, 1974 మొదలయ్యేసరికి దాదాపు 12 డాలర్లకు చేరింది.

ఈ దెబ్బ డెన్మార్క్‌కు గట్టిగా తగిలింది. అప్పట్లో ఆ దేశం వాడే మొత్తం ఇంధనంలో 90 శాతం వరకూ చమురే, అదీ దాదాపు అంతా దిగుమతే. కార్లు నడవాలన్నా, కరెంటు తయారవ్వాలన్నా, గడ్డకట్టే చలిలో ఇల్లు వెచ్చగా ఉండాలన్నా చమురే కావాలి. 1973 నవంబరు 25 నుంచి ఆదివారాలు కార్లు నడపడంపై ప్రభుత్వం నిషేధం పెట్టింది. హైవేల మీద జనం సైకిళ్లు తొక్కారు, పిల్లలు ఆడుకున్నారు. ఫొటోల్లో చూస్తే పండగలా కనిపిస్తుంది గానీ, ఎక్కడో దూరాన కుళాయి కట్టేస్తే తమ ఇంట్లో పొయ్యి ఆరిపోతుందని ఆ చలికాలం ప్రతి ఇంటికీ తెలిసొచ్చింది.

వద్దు అంటే సరిపోదు

చమురుకు బదులు ఏంటి? ప్రభుత్వం, విద్యుత్ సంస్థలు చెప్పిన జవాబు ఒక్కటే: అణువిద్యుత్తు. కేంద్రాలు కట్టడానికి స్థలాలు కూడా చూడటం మొదలుపెట్టారు.

1974 జనవరిలో కొంతమంది పౌరులు కలిసి ఓఓఏ అనే సంస్థ పెట్టారు. అణువిద్యుత్తు గురించి జనానికి సమాచారం ఇవ్వడం దాని పని. విశేషమేంటంటే వీళ్లు మొదటి రోజే ‘రద్దు చేయండి’ అని కూర్చోలేదు. నిర్ణయాన్ని మూడేళ్లు ఆపండి, ఈలోగా జనం చదువుకుంటారు, మాట్లాడుకుంటారు అని అడిగారు. ఊళ్లలో మీటింగులు పెట్టారు, కరపత్రాలు పంచారు. 1975లో ఆన్ లుండ్ అనే విద్యార్థిని నవ్వుతున్న సూర్యుడి బొమ్మతో ఒక బ్యాడ్జి గీసింది. ‘అణువిద్యుత్తా? వద్దు, థాంక్స్’ అని దాని మీద రాసి ఉంటుంది. తిట్టు లేదు, బెదిరింపు లేదు. ఆ బొమ్మ ఎన్నో భాషల్లోకి మారి ప్రపంచమంతా తిరిగింది.

‘అది వద్దు సరే, మరి ఏం కావాలో చెప్పండి’ అని అవతలివాళ్లు అడుగుతారు కదా. ఉద్యమానికి అసలు పరీక్ష అదే. 1975లోనే ఓవీఈ అనే మరో సంస్థ పుట్టింది. సూర్యుడు, గాలి, గడ్డి, పేడ లాంటి వాటి నుంచి శక్తి తీయడం దాని పని. 1976లో నీల్స్ మేయర్ తదితర శాస్త్రవేత్తలు ప్రభుత్వ ప్రణాళికకు పోటీగా మరో ఇంధన ప్రణాళిక తయారుచేసి జనం ముందు పెట్టారు. అంటే ఒకరు ‘వద్దు’ అన్నారు, ఇంకొకరు ‘ఇది కావాలి’ అన్నారు, మూడోవాళ్లు ‘ఇదిగో లెక్క’ అని చూపించారు. చివరికి 1985 మార్చి 29న డెన్మార్క్ పార్లమెంటు అణువిద్యుత్తును దేశ ప్రణాళికల నుంచి తీసేసింది. చెర్నోబిల్ ప్రమాదం జరిగింది ఆ తర్వాత ఏడాదికి.

వడ్రంగి కట్టింది, టీచర్లు కట్టింది

డెన్మార్క్‌కు గాలిమరలు కొత్త కాదు. 1891లోనే పాల్ లా కూర్ అనే టీచరు గాలితో కరెంటు తీశాడు. ఆయన దగ్గర చదువుకున్న యోహానెస్ యూల్ 1957లో గేడ్సర్ అనే చోట 200 కిలోవాట్ల మర నిలబెట్టాడు. అది పదేళ్లు తిరిగింది. చమురు చవగ్గా దొరికే రోజులు కాబట్టి 1967లో దాన్ని ఆపేశారు. కానీ ఆ విద్య పూర్తిగా పోలేదు.

చమురు ధర పెరిగాక క్రిస్టియన్ రీసేయర్ అనే వడ్రంగి, యూల్ మర నమూనా చూసి తన పెరట్లో చిన్నది కట్టుకున్నాడు. తయారైన కరెంటును తన ఇంటి మీటరు ద్వారా లైనులోకి పంపాడు. తర్వాత అలాంటివే కట్టి పక్క ఊళ్లవాళ్లకు అమ్మాడు.

అదే సమయంలో ట్వింద్ అనే చోట ఒక స్కూలు టీచర్లు జీతాల్లోంచి డబ్బు పోగేసి పెద్ద పని పెట్టుకున్నారు. ఇంజినీర్ల సలహా తీసుకుంటూ, దేశం నలుమూలల నుంచి వచ్చిన వాలంటీర్లతో కలిసి మూడేళ్లు కష్టపడ్డారు. 1978లో ఆ మర తిరిగింది. దాని సామర్థ్యం 2 మెగావాట్లు, రెక్కల వ్యాసం 54 మీటర్లు. అప్పటికి ప్రపంచంలో అంత పెద్దది లేదు. పేటెంటు మాత్రం తీసుకోలేదు. ఎవరైనా వచ్చి చూడొచ్చు, నేర్చుకోవచ్చు.

ఇలా మరలు కొన్నవాళ్లంతా 1978లో ఒక సంఘంగా ఏర్పడ్డారు. తమ పత్రికలో నెలనెలా ఏ మర ఎంత కరెంటు ఇచ్చింది, ఏది ఎక్కడ చెడిపోయింది అన్నీ అచ్చువేసేవారు. కంపెనీ చెప్పే గొప్పలు కాదు, వాడినవాళ్లు చెప్పే నిజం. నాసిరకం మర అమ్మితే వచ్చే నెల దేశమంతా తెలిసిపోతుంది. అందుకే తయారీదారులు జాగ్రత్తపడ్డారు. డెన్మార్క్ గాలిమరలకు నాణ్యత పేరు రావడంలో ఈ బహిరంగ లెక్కలకు పెద్ద పాత్రే ఉంది.

వాటా ఎలా పనిచేసింది?

ఒక మర కొనాలంటే ఒక్క కుటుంబానికి భారం. కాబట్టి ఊళ్లో కొన్ని కుటుంబాలు కలిసేవి. ఏడాదికి మర ఇచ్చే కరెంటును వెయ్యేసి యూనిట్ల వాటాలుగా విడగొట్టేవారు. ఏ ఇంటికి ఏడాదికి ఎంత కరెంటు కావాలో దాదాపు అన్ని వాటాలు ఆ ఇల్లు కొనుక్కునేది. తయారైన కరెంటు లైనులోకి పోతుంది, వచ్చిన డబ్బు వాటాల ప్రకారం పంచుకుంటారు. మొదట్లో దగ్గర్లో ఉండేవాళ్లకే వాటా కొనే అవకాశం ఉండేది. మర చప్పుడు ఎవరికి వినిపిస్తుందో, లాభం కూడా వాళ్లకే అన్నమాట.

జనం ఒత్తిడితో ప్రభుత్వమూ కదిలింది. 1979 నుంచి మర ఖర్చులో 30 శాతం సబ్సిడీ ఇచ్చింది. మరలు నిలదొక్కుకునే కొద్దీ దాన్ని తగ్గిస్తూ వచ్చి, పదేళ్లకు ఆపేసింది. 2000 నాటికి లక్షకు పైగా డెన్మార్క్ కుటుంబాలకు గాలిమరల్లో వాటా ఉంది.

కోపెన్‌హేగన్ రేవు ముందు సముద్రంలో కనిపించే మిడెల్‌గ్రుండెన్ గాలిమరలు దీనికి మంచి ఉదాహరణ. మొదటి ప్లాను ప్రకారం 27 మరలు మూడు వరుసల్లో రావాలి. నగరం నుంచి చూస్తే బాగోదని జనం అభ్యంతరం చెప్పారు. దాంతో 20 మరలను ఒకే వంపు గీతలో పెట్టారు. 2000లో అవి పూర్తయ్యాయి. సగం నగర విద్యుత్ సంస్థది, మిగతా సగం ఎనిమిది వేలకు పైగా సభ్యులున్న సహకార సంఘానిది. అభ్యంతరం చెప్పినవాళ్లను ‘అభివృద్ధికి అడ్డం’ అని ముద్ర వేసి పక్కన పెట్టలేదు. వాళ్ల మాట విని ప్లానే మార్చారు.

నాలుగు వేల మంది ద్వీపం

సామ్సో అని ఒక చిన్న ద్వీపం ఉంది. జనాభా నాలుగు వేల లోపే. 1997లో ప్రభుత్వం ఒక పోటీ పెట్టింది: పదేళ్లలో పూర్తిగా పునరుత్పాదక శక్తితో బతకడానికి ఏ ద్వీపం ప్రణాళిక ఇస్తుంది? సామ్సో గెలిచింది. బహుమతిగా డబ్బేమీ రాలేదు. ద్వీపంలో చాలామందికి ఆసక్తి కూడా లేదు.

ఆ పని మీద వేసుకున్న సోరెన్ హెర్మన్‌సెన్ అక్కడి రైతు బిడ్డే, టీచరు. ఊళ్లో ఏ మీటింగు జరిగినా వెళ్లి మాట్లాడేవాడు. పర్యావరణం గురించి ఉపన్యాసం ఇస్తే ఎవరూ వినరని అతనికి తెలుసు. అందుకే పని దొరుకుతుంది, ఇంటి ఖర్చు తగ్గుతుంది, వాటా వస్తుంది అని చెప్పేవాడు. మెల్లగా జనం కలిశారు. 2000లో నేల మీద 11 మరలు లేచాయి. వాటిలో ఎక్కువ రైతులవి, రెండు మాత్రం చిన్న వాటాదారులందరివీ. తర్వాత సముద్రంలో 10 పెద్ద మరలు వచ్చాయి. వాటిలో ఐదు స్థానిక మున్సిపాలిటీవి. పొలాల్లోని గడ్డిని కాల్చి నీళ్లు వేడిచేసి, పైపుల ద్వారా ఇళ్లకు పంపే కేంద్రాలూ కట్టుకున్నారు. ఇళ్లలో ఆయిల్ బాయిలర్లు ఒక్కొక్కటిగా పోయాయి.

మరి చమురు మొత్తం పోయిందా?

పోలేదు. ఇక్కడ నిజం దాచకూడదు. సామ్సోలో కార్లు, పడవలు చమురుతోనే తిరిగాయి. సముద్రంలో పెట్టిన 10 మరల కరెంటును బయటికి పంపి, ఆ చమురుకు ఇది చెల్లు అని లెక్క వేసుకున్నారు. లెక్క సరైనదే గానీ, బంకు దగ్గర కొనే పెట్రోలు మాత్రం పెట్రోలే.

దేశం మొత్తం చూసినా అంతే. 1970ల చివర్లో విద్యుత్ కేంద్రాలు చమురు వదిలి ముందుగా బొగ్గుకు మారాయి. గాలి వాటా పెరగడానికి దశాబ్దాలు పట్టింది. ఉత్తర సముద్రంలో దొరికిన చమురును డెన్మార్క్ తవ్వి అమ్ముకుంది కూడా. 2050 నాటికి ఆ తవ్వకం ఆపేస్తామని 2020 డిసెంబరులోగానీ నిర్ణయం తీసుకోలేదు. గాలిమర కరెంటు ఇస్తుంది. ఆ కరెంటుతో బండి నడిచినప్పుడే, ఇల్లు వేడెక్కినప్పుడే చమురు అవసరం తగ్గుతుంది. మొదటి పని అయిపోతే రెండోది దానంతట అదే అవ్వదు.

వాటా పోయింది, గొడవ వచ్చింది

డెన్మార్క్ కథలో అందరూ చెప్పని భాగం ఇంకోటి ఉంది. 2000 తర్వాత మరలు చాలా పెద్దవయ్యాయి, ఖరీదూ పెరిగింది. పాత చిన్న మరలు తీసి కొత్తవి పెట్టినప్పుడు యజమానులు మారారు. ఊరి కుటుంబాల బదులు కంపెనీలు, పెట్టుబడిదారులు వచ్చారు. గాలి అదే, ఊరు అదే. కానీ చప్పుడు మాకు, లాభం వాళ్లకా అని జనం అడగడం మొదలుపెట్టారు. ఒకప్పుడు గాలిమర కోసం చందాలు వేసుకున్న దేశంలోనే గాలిమర వద్దనే సంఘాలు పుట్టాయి.

ప్రభుత్వం దీన్ని గమనించింది. కొత్త మరల్లో కనీసం 20 శాతం వాటాను చుట్టుపక్కల 4.5 కిలోమీటర్లలో ఉండేవాళ్లకు ముందుగా అమ్మజూపాలని 2009 నుంచి నిబంధన తెచ్చింది. 2020లో ఆ నిబంధన తీసేసి, దగ్గరి ఇళ్లవాళ్లకు ఏటా కొంత సొమ్ము ఇచ్చే పద్ధతి పెట్టింది. సొమ్ము రావడం మంచిదే. కానీ సొమ్ము పుచ్చుకునేవాడికీ, మీటింగులో కూర్చుని ఓటు వేసే వాటాదారుకీ తేడా ఉంది.

మన ఇంటి పైకప్పు దగ్గరికి వస్తే

మన దేశంలో 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం మొదలైంది. కోటి ఇళ్లపై సోలార్ ప్యానెళ్లు పెట్టడం లక్ష్యం. ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు, ఆ పైన అయితే 78 వేల రూపాయల దాకా కేంద్రం సబ్సిడీ ఇస్తుంది. సొంత ఇల్లు, సొంత డాబా ఉన్నవాళ్లకు ఇది నిజంగా ఉపయోగం.

మరి కిరాయి ఇంట్లో ఉండేవాళ్ల సంగతేంటి? నాలుగు అంతస్తుల్లో ఎనిమిది కుటుంబాలుండి, ఒక్కటే డాబా ఉంటే దాని మీది ఎండ ఎవరిది? పాతబస్తీ గల్లీల్లో అయినా, జిల్లా కేంద్రంలో అపార్ట్‌మెంట్‌లో అయినా చాలామంది పరిస్థితి ఇదే. కరెంటు బిల్లు అందరికీ వస్తుంది, డాబా మాత్రం కొందరికే ఉంటుంది.

ఈ ప్రశ్నకు డెన్మార్క్ ఊళ్లు అప్పట్లో ఇచ్చిన జవాబు ‘వాటా’. ఒక్కరి వల్ల కానిది పదిమంది కలిసి కొన్నారు, లెక్కలు బహిరంగంగా రాసుకున్నారు, కట్టకముందే ఊరితో మాట్లాడారు. చట్టం అడ్డొచ్చిన చోట మార్చమని అడిగారు. అపార్ట్‌మెంట్ కమిటీలు, కాలనీ సంఘాలు, మసీదు, గుడి, స్కూలు కమిటీలు మన దగ్గరా ఉన్నాయి. నెలకోసారి కూర్చుని వాచ్‌మన్ జీతం, నీళ్ల ట్యాంకర్ గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు. వచ్చే మీటింగులో డాబా గురించి కూడా ఒక మాట అనుకుంటే, ఎవరెంత వేసుకోవాలి, ఎవరికెంత రావాలి అనే లెక్క అక్కడే మొదలవుతుంది.