'తాత్కాలికమే' అన్న మాటను నమ్మే ముందు

పెదవులు నిండుగా కనబడటానికి వేసే ఫిల్లర్ ఇంజెక్షన్ల గురించి మన సంఘాల్లోని యౌవనస్థులు, ముఖ్యంగా పెళ్లికి సిద్ధపడుతున్న ఆడపిల్లలు వింటూనే ఉన్నారు. "కొన్ని నెలల్లో అదే కరిగిపోతుంది" అన్న మాట వారికి ధైర్యమిస్తుంది. అందులో కొంత నిజముంది. మిగతాది కూడా తెలుసుకోవాలి.

ఎక్కువగా వాడేది హైలురోనిక్ ఆమ్లంతో చేసిన జెల్. మన చర్మంలోను, కీళ్లలోను ఉండే పదార్థమే అది. సహజమైనది శరీరంలో త్వరగా విచ్ఛిన్నమవుతుంది. ఎక్కువకాలం నిలవాలని ఫిల్లర్‌లో దాని పోగులను రసాయనంతో ఒకదానికొకటి ముడివేస్తారు. అమెరికాలోని ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇటువంటి జెల్‌ను 2003లో ముఖం ముడతలకు, 2011లో పెదవులకు అనుమతించింది. పెదవుల విషయంలో 21 ఏళ్లు దాటినవారికే ఆ అనుమతి.

నిండుదనం తగ్గినంత మాత్రాన జెల్ అంతా పోయినట్టు కాదు. ఏళ్ల క్రితం వేయించుకున్నది ఎమ్మారై స్కాన్‌లో కనబడిన సందర్భాలున్నాయి. తగ్గిందనుకొని మళ్లీ మళ్లీ వేయిస్తే పాతదానిపై కొత్తది చేరుతుంది. కొందరిలో అది పెదవి అంచు దాటి పైకి జరిగి, మూతి ఉబ్బినట్టు కనబడుతుంది.

రెండో ఇబ్బంది గడ్డలు. ఇవి నెలల తరువాత, ఒక్కోసారి ఏళ్ల తరువాత కూడా రావచ్చు. జ్వరమో, పంటి ఇన్‌ఫెక్షనో వచ్చినప్పుడు శరీర రక్షణ వ్యవస్థ మేలుకొని ఆ జెల్ ఉన్నచోట వాపు తెస్తుంది. 2020లో మోడర్నా కోవిడ్ టీకా పరీక్షల్లో, ఫిల్లర్లు వేయించుకున్న ముగ్గురికి ముఖమో పెదవులో వాచాయి. టీకాను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. మరచిపోయిన జెల్‌ను శరీరం మరచిపోదని చెప్పడానికే.

మూడోది అన్నిటికంటే ప్రమాదకరం. జెల్ రక్తనాళంలోకి వెళితే రక్తప్రసరణ ఆగి, ఆ భాగం చచ్చిపోయి, మచ్చ జీవితాంతం మిగలవచ్చు. తీవ్రమైన నొప్పి, చర్మం పాలిపోవడం లేదా నీలిమచ్చలు దీనికి గుర్తులు. అప్పుడు ఒక్క గంట కూడా ఆగకూడదు. ఈ జెల్‌ను కరిగించే హైలురోనిడేజ్ అనే మందు ఉంది. సిలికాన్ ద్రవాన్ని మాత్రం అది కరిగించదు. ముఖంలో అందం కోసం సిలికాన్ ఎక్కించడానికి ఎఫ్‌డీఏ అనుమతే లేదు.

కాబట్టి వేయించుకోవాలనుకొనేవారు మూడు ప్రశ్నలు అడగాలి. ఎక్కించే పదార్థం పేరేమిటి? వేసేది చర్మవైద్యులా, ప్లాస్టిక్ సర్జనా, లేక పార్లర్ వారా? కరిగించే మందు అక్కడ సిద్ధంగా ఉందా? ఇప్పటికే వేయించుకున్నవారు ఆ పేరు, తేదీ రాసి ఉంచుకొని, పంటి వైద్యునికి కూడా చెప్పాలి.

తల్లిదండ్రులకు, సంఘ పెద్దలకు ఒక మాట. పెదవి వాచిన బిడ్డ చాలాసార్లు నొప్పికంటే మన మాటలకే ఎక్కువ భయపడుతుంది. కండువా చాటున దాచుకొంటుంది, రోజులు గడిచిపోతాయి. అలంకారం గురించి మన అభిప్రాయాలు ఏవైనా, ఆ వేళ ఆమెకు కావలసింది మందలింపు కాదు. ముందు ఆసుపత్రికి తీసుకువెళ్లండి. మిగతా మాటలు ఆమె కోలుకున్నాక, ప్రేమతో మాట్లాడుకోవచ్చు.