ఇల్లాలి గుండెమంట

హైదరాబాదునుండి విజయవాడకు బోవు రహదారిలో చౌటుప్పలు దాటిన పిమ్మట చిట్యాల వచ్చును. ఈ ప్రాంతపు ఇండ్లలో మేము తరచుగా విను మాట యొకటి కలదు: "ఏం లేదమ్మా, జర గ్యాసు." ఛాతిలో మంట, పుల్లని త్రేనుపులు, కడుపుబ్బరము, నడిరేయి గొంతులోనికి ఎగదన్ను చేదునీరు, అన్నియు ఆ యొక్క మాటలో నిముడుచున్నవి. ఇంటి యజమానికి ఈ బాధ కలిగినచో డాక్టరు వద్దకు బోవుదురు. ఇల్లాలికి కలిగినచో చిటికెడు వంటసోడాతో సరిపుచ్చుదురు.

ఈ వ్యాధి క్రొత్తది కాదు. మాధవనిదానమున ఆమ్లపిత్తమను పేర దీనికొక ప్రకరణమే కలదు. కడుపులో పులుపు ఊరుట దోషము కాదు. అది లేనిదే మాంసకృత్తులు సరిగా జీర్ణము కావు. ఈ సంగతి లోకమునకు కన్నులార కనబడినది ఒక దుర్ఘటనవలన. 1822లో అమెరికాలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అను యువకునికి తుపాకిగుండు తగిలి, పొట్టకు పడిన రంధ్రము పూడక నిలిచిపోయెను. బోమాంట్ అను వైద్యుడు పట్టుదారమునకు ఆహారపు ముక్కలు గట్టి ఆ రంధ్రముగుండ లోనికి విడిచి, అవి కరగుటను ఏండ్లతరబడి పరీక్షించి 1833లో గ్రంథము ప్రకటించెను. ఆ యువకుడు కోపించినపుడు జీర్ణక్రియ చెడుటను సైతము అతడు గుర్తించెను. కోపము దిగమ్రింగి అన్నము తిను కోడండ్రకు ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు.

జీర్ణకోశమునకు పులుపును ఓర్చు పొర కలదు, అన్ననాళమునకు లేదు. ఆ రెంటికి నడుమ కండరముతో నైన మూత యొకటి యుండును. అది వదులైనను, క్రిందనుండి పొట్ట ఒత్తిడికి లోనైనను పులుపు పైకెగసి మండును. గుండెమంట యనుచున్నాము గాని గుండెకు దీనితో సంబంధము లేదు.

ఇక ఇల్లాలి దినచర్య చూడుడు. తెల్లవారుజామున పరగడుపున చాయ. అందరికి వడ్డించి పంపిన పిమ్మట మిగిలినదేదో నాలుగు ముద్దలు. మధ్యాహ్న భోజనము మూడు గంటలకు. రాత్రి అందరును తినిన పిదప పది గంటలకు, ఉన్న జొన్నరొట్టె, పచ్చిపులుసు, గిన్నె అడుగున మిగిలినది పారవేయ మనసొప్పక అదియును. వెంటనే వంగి అంట్లు తోముట, ఆపై నడుము వాల్చుట. నడుమునకు లంగా బొందు బిగుతు ఉండనే యున్నది. ఆ మూత తెరచుకొనుటకు ఇంతకంటె ఏమి కావలెను?

కావున మొదటి చికిత్స గడియారముది. పడుకొనుటకు రెండు మూడు గంటలు ముందే ఇల్లాలి భోజనము ముగియవలెను. భర్త దుకాణమునుండి పదింటికి వచ్చునేని ఆమె ఏడున్నరకే తినవచ్చును; వడ్డనకు లోపము రాదు. అత్తగారేమందురో యను సంకోచ మున్నచోట అత్తాకోడండ్రు కలసి కూర్చుండుట మేలు. ఆమెకును ఈ మంట ఉండనే యుండును! రాత్రి బాధించువారు ఎడమవైపు తిరిగి పండుకొనవలెను. మంచపు తలవైపు కోళ్ళక్రింద ఆరంగుళముల యెత్తు ఇటుకలు పెట్టుట మంచిది. దిండ్లమీద దిండ్లు పేర్చినచో పొట్ట మడతపడి బాధ హెచ్చును.

పథ్యమునుగూర్చి మేము పెద్ద పట్టిక వ్రాయము. కారమువలన పుండు పుట్టదు గాని ఉన్న మంటను రేపును. నూనెలో వేగినవి కడుపులో నెక్కువసేపు నిలుచును. మా జిల్లా బత్తాయి కొందరికి హాయి, కొందరికి మంట. ఎవరి కడుపు వారే పరీక్షించుకొనవలెను. పాలు కొంతసేపు చల్లబరచి పిదప పులుపును హెచ్చించును. వంటసోడా నిత్యము మ్రింగుట తగదు. అందలి ఉప్పుగుణము రక్తపుపోటు గలవారికి కీడు.

నల్లగొండ సీమలో మరియొక చిక్కు కలదు. భూమిలోని నీట ఫ్లోరైడు హెచ్చుగా నుండుటచే ఇచ్చటి పెద్దలలో కీళ్ళనొప్పు లెక్కువ. నొప్పి మాత్రలు అంగడిలో కొని ప్రతిదినము వేసికొను ముసలమ్మలను మేమెరుగుదుము. ఆ మాత్రలు జీర్ణకోశపు పొరను హరించి పుండు చేయును. మోకాలికి మందు తినిన యామె కడుపుమంటకు సోడా త్రాగుచుండును. రెంటికిగల సంబంధము ఎవరును చెప్పరు. వైద్యుని అడుగక వానిని వాడరాదు.

పుండునకు మరియొక కారణము సూక్ష్మజీవి. దీనిని నిరూపింప 1984లో ఆస్ట్రేలియా వైద్యుడు బారీ మార్షల్ ఆ క్రిములు గల ద్రవమును తానే త్రాగి వ్యాధి తెచ్చుకొనెను. రాబిన్ వారెన్‌తో కలసి 2005లో నోబెల్ బహుమాన మందెను. నేడు శ్వాసపరీక్షచే ఆ క్రిమిని కనుగొని మాత్రలతో తొలగింపవచ్చును.

రెండు మూడు వారములైనను మంట తగ్గకున్నను, మ్రింగుట కష్టమైనను, కారణము లేక చిక్కిపోవుచున్నను ఆలస్యము తగదు. నెత్తురు వాంతియైనను, మలము తారువలె నల్లనైనను ఆనాడే ఆసుపత్రికి బోవలెను. (ఇనుపమాత్రలు తినువారికిని మలము నల్లబడును, ఆ సంగతి వైద్యునకు చెప్పుడు.)

అన్నిటికంటె భయంకరము, గుండెపోటును గ్యాసనుకొనుట. స్త్రీలలో అది ఛాతినొప్పి లేకయే ఆయాసము, వికారము, దవడ లేక వీపు నొప్పి, మితిమీరిన అలసటగా రావచ్చును. మధుమేహము గలవారిలో మరియును. చెమటలు పట్టి, నొప్పి చేతికో దవడకో ప్రాకినచో సోడాకై వెదకక, వంట సగములో నున్నను పొయ్యి ఆర్పి 108కు ఫోను చేయుడు.