దేవదారు నీడలో జాగేశ్వర యాత్ర

తీర్థయాత్ర అనగానే మనకు ముందుగా స్ఫురించేది గర్భాలయంలోని మూర్తి. ఆ మూర్తిని చేరే దారి కూడా తీర్థంలో భాగమేనని మన పెద్దల విశ్వాసం. అలిపిరి నుండి 3,550 మెట్లెక్కి తిరుమలేశుని దర్శించిన భక్తునికి ఈ మాట వివరించి చెప్పనవసరం లేదు. అటువంటి దారి ఒకటి హిమాలయ సానువులలో, ఉత్తరాఖండ్‌లోని కుమావూన్ ప్రాంతంలో ఉన్నది. దానికి మెట్లు లేవు, పెద్ద ఆయాసమూ లేదు. దేవదారు వృక్షాల నడుమ, సెలయేటి వెంట సాగే ఆ దారి జాగేశ్వర మహాదేవుని సన్నిధికి చేరుస్తుంది.

దారుకావనం ఇదేనా?

ద్వాదశ జ్యోతిర్లింగాలలో నాగేశ్వరుడు దారుకావనంలో వెలసినాడని ప్రసిద్ధి. ఆ వనం తమదేనని మూడు క్షేత్రాలవారు చెబుతారు. ఒకటి గుజరాత్‌లో ద్వారక సమీపాన ఉన్నది. రెండవది మహారాష్ట్రలోని ఔంఢా నాగనాథ్. మూడవది ఈ జాగేశ్వరం. ఇందులో తీర్పు చెప్పడం భక్తుల పని కాదు. మూడు చోట్లా కొలువైనది ఒకే పరమేశ్వరుడు. అయితే దారువనమన్న మాటకు అర్థాన్ని కన్నులారా చూడగోరేవారు మాత్రం జాగేశ్వరానికే వెళ్ళాలి. దిగంబరుడై వచ్చిన శివుని గుర్తించలేక దారువనంలోని మునులు ఆగ్రహించారని, అనంతరం పశ్చాత్తప్తులై ఆయనను లింగరూపంలో అర్చించారని పురాణగాథ. ఆ లింగార్చన తమ లోయలోనే ఆరంభమైనదని అక్కడివారి నమ్మకం.

శివుడు పెంచుకొన్న చెట్టు

దేవదారు గొప్పతనం తెలియాలంటే కాళిదాసు రఘువంశం రెండవ సర్గను స్మరించుకోవాలి. నందినీ ధేనువును దిలీప మహారాజు కాస్తుండగా హిమాలయ గుహలో ఒక సింహం ఆ గోవును పట్టుకొంటుంది. రాజు అమ్ము తీయబోతే చేయి కదలదు. అప్పుడా సింహం మానవ భాషలో తన కథ చెబుతుంది. ఎదుట ఉన్న దేవదారును శివుడు కుమారునిగా స్వీకరించాడట. పార్వతీదేవి స్వయంగా బంగారు కలశాలతో నీరు పోసి దానిని పెంచిందట. ఒకనాడు ఒక అడవి ఏనుగు తన చెక్కిలి రాసుకొనగా ఆ చెట్టు బెరడు ఊడినది. అసురుల ఆయుధాలు తగిలి కుమారస్వామి గాయపడితే ఎంత దుఃఖించేదో, ఆ తల్లి అంతగా దుఃఖించినది. నాటి నుండి ఏనుగులను బెదరగొట్టుటకు శివుడు తనను కావలి ఉంచాడని సింహం పలికినది.

గమనించండి. ఈ కథలో సింహం దుష్టమృగం కాదు. రాజు గోవుకు కాపరి, సింహం చెట్టుకు కాపరి. ఇద్దరూ తమకు అప్పగించిన ప్రాణిని రక్షిస్తున్నవారే. ఈ కావ్యానికి సంజీవని అనే వ్యాఖ్య రచించిన మల్లినాథసూరి మన తెలుగువాడే. మెదకు సీమలోని కొలిచెలమ ఆయన ఇంటిపేరుగా నిలిచినది.

నడక ఇలా సాగుతుంది

అల్మోడా నుండి పిథోరాగఢ్ వెళ్ళే రహదారిపై ఆర్తోలా అనే చిన్న ఊరు ఉన్నది. అక్కడ వాహనం దిగి జాగేశ్వరం వైపు సుమారు 3 కిలోమీటర్లు నడవాలి. వాహనాలు తిరిగే రోడ్డే అయినా, వేకువన బయలుదేరితే మీకు తోడు జటాగంగ గలగలలే.

దిగువ కొండలపై మీకు కనిపించేవి చీడ్ అనే పైన్ చెట్లు. సంస్కృతంలో వీటిని సరళ వృక్షాలంటారు. సూదుల వంటి పొడవైన ఆకులు మూడేసి ఒక గుత్తిగా ఉంటాయి. ఎత్తు పెరిగి జాగేశ్వర లోయలో ప్రవేశించేసరికి దేవదారులు ఎదురవుతాయి. మాను నిటారుగా ఉంటుంది. కొమ్మలు అంతస్తులుగా అడ్డంగా చాచుకొని ఉంటాయి. కాయలు కొమ్మపై పైకి చూస్తూ నిలుస్తాయి. ఆ నీడలో మధ్యాహ్నం కూడా చల్లగా ఉంటుంది.

జాగేశ్వరం ఇంకా కొంత దూరం ఉండగానే దండేశ్వరాలయం వస్తుంది. అక్కడ కాసేపు కూర్చోండి. పంచాక్షరి జపించుకొంటూ నడిస్తే ముందున్న దారి తెలియనే తెలియదు.

జాగేశ్వరంలో చిన్నవి, పెద్దవి కలిపి 124 ఆలయాలున్నాయి. ఇవి 7వ శతాబ్దం మొదలుకొని కొన్ని వందల ఏళ్ళపాటు నిర్మితమైనవి. పురావస్తు శాఖ వీటిని సంరక్షిస్తున్నది. అతి ప్రాచీనమని చెప్పే మృత్యుంజయాలయం గోడలపై పాత శాసనాలు చూడవచ్చు. జాగేశ్వరుని ద్వారం వద్ద నంది, స్కంది ద్వారపాలకులుగా నిలిచి ఉంటారు. ఇంకా ఓపిక ఉన్నవారు పైన కొండశిఖరంపై ఉన్న వృద్ధ జాగేశ్వరానికి ఎక్కవచ్చు. ఆకాశం నిర్మలంగా ఉంటే అక్కడ నుండి మంచుకొండల దర్శనం కలుగుతుంది.

అడవికి ఆపద

ఈ వనానికి నేడు ఏనుగుల వలన భయం లేదు. భయమంతా మన వలననే. 2024లో ఆర్తోలా, జాగేశ్వరాల నడుమ రోడ్డు వెడల్పు కోసం వందలాది దేవదారులకు గుర్తులు వేశారు. అవి శివుని చెట్లని స్థానికులు ఎదురు నిలిచారు. ప్రభుత్వం ఆ పనిని నిలిపి పునఃపరిశీలనకు ఆదేశించినది. రోడ్డు వెడల్పు కోరినది ఎవరి కోసమని ప్రశ్నించుకొంటే జవాబు మనమే. గుడి గుమ్మం దాకా వాహనంలోనే వెళ్ళాలని కోరే యాత్రికుల కోసమే కదా! నడిచి వెళ్ళగలిగిన ప్రతి భక్తుడూ ఒక చెట్టుకు కావలి కాసినట్లే.

అగ్నిభయం మరొకటి. పిరుల్ అని పిలిచే చీడ్ ఆకులు ఎండి నేలపై పరచుకొంటాయి. వాటిలో జిగురు ఉండుటచేత నిప్పు క్షణాలలో వ్యాపిస్తుంది. సరళ వృక్షాల రాపిడిలో పుట్టిన దావాగ్నిని ఆర్పివెళ్ళమని కాళిదాసు యక్షుడు మేఘుని వేడుకొన్నాడు. నేటి మంటలలో అధికభాగం మనుషుల వలన పుట్టేవే. 2024 జూన్‌లో అల్మోడా సమీపాన బిన్సర్ అడవిలో మంటలార్పబోయిన సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. కనుక దారిలో కర్పూరం, అగరువత్తులు వెలిగించకండి. దీపారాధన ఆలయానికే పరిమితం చేయండి. ప్లాస్టిక్ సంచులు తిరిగి మీ వెంటనే తీసుకొని రండి. బెరడుపై పేర్లు చెక్కే పిల్లలను వారించి, బెరడు ఊడినందుకు పార్వతీదేవి దుఃఖించిన కథ చెప్పండి. వారు జీవితాంతం మరువరు.

యాత్రికులకు సూచనలు

రైలు కాఠ్‌గోదాం వరకే ఉన్నది. అక్కడి నుండి అల్మోడా మీదుగా ఘాట్ రోడ్డులో వెళ్ళాలి. మార్చి నుండి జూన్ వరకు, వానలు వెనుదిరిగాక సెప్టెంబరు నుండి నవంబరు వరకు అనుకూలం. జులై నడుమ ఆరంభమయ్యే శ్రావణ మేళాలో జనసమ్మర్దం ఎక్కువ, దారులు జారుతాయి. ఊరు 6 వేల అడుగులకు పైగా ఎత్తున ఉన్నది కనుక వేసవిలోనూ ఉన్ని వస్త్రం వెంట ఉంచుకోండి. వృద్ధులు, గుండె జబ్బు ఉన్నవారు వైద్యుని సలహా తీసుకొని బయలుదేరాలి.

నడవలేనివారు చింతించవద్దు. మీ ఊరి శివాలయంలోని బిల్వవృక్షానికి ఒక చెంబెడు నీరు పోయండి. చెట్టును బిడ్డగా పెంచుకొన్న ఆదిదంపతులు ఆ నీటినీ అభిషేకంగానే స్వీకరిస్తారు.

శుభం భూయాత్.