ఉరుము వాసన - కడవలో నీళ్ళు

ఎండాకాలం చివర వేంపల్లెలో ఉరుము ఉరిమి, దగ్గరలో మెరుపు మెరిసినపుడు, వాన పడకముందే ఒక ఘాటైన వాసన ముక్కుకు తగులుతుంది. అదే ఓజోన్. 1840లో దీనిని గుర్తించిన షోన్‌బైన్ అనే శాస్త్రవేత్త, 'వాసన వచ్చు' అని అర్థమిచ్చే గ్రీకు మాటతోనే దీనికి పేరు పెట్టాడు.

ఈమధ్య క్యాన్ నీళ్ళు పట్టే చోట గోడ మీద ఓజోన్ అని రాసి ఉంటే, మేము చదివి వినిపించాము. పక్కనున్న ఒక అవ్వ, "ఏం నాయనా, ఇది పట్టించిన నీళ్ళు ఎన్నాళ్ళున్నా చెడిపోవా?" అని అడిగింది. ఈ ప్రశ్న మన ఇళ్ళన్నిటికీ సంబంధించినదే.

మనం పీల్చే ప్రాణవాయువులో రెండు పరమాణువులు కలిసి ఉంటాయి. విద్యుత్తు తాకిడికి మూడవది వచ్చి చేరితే ఓజోన్ అవుతుంది. ఇద్దరు పట్టే మంచం మీద ముగ్గురు పడుకొన్నట్లు, ఆ మూడవది ఎప్పుడెప్పుడు విడిపోదామా అని ఉంటుంది. నీటిలో విడిపోయేటప్పుడు క్రిముల పైపొరను ఛేదించి వాటిని చంపుతుంది. కుళ్ళిన గుడ్డు వాసన వేసే గంధకపు వాయువును వాసన లేని పదార్థంగా మార్చివేస్తుంది. అగరుబత్తిలాగ ఒక వాసనను మరొక వాసనతో కప్పిపెట్టదు. ఫ్రాన్సులోని నీస్ పట్టణంలో 1906లోనే ఊరందరి తాగునీటికి ఈ పద్ధతి వాడారు.

అయితే ఓజోన్‌కు నిలకడ లేదు. నీటిలో నిమిషాలలోనే తరిగిపోయి మామూలు ప్రాణవాయువుగా మారుతుంది. వేడికి ఇంకా త్వరగా పోతుంది. అందుకే దీనిని సీసాలో నింపి అమ్మలేరు. ఎక్కడికక్కడ మిషనుతో తయారు చేయవలసిందే. కుళాయి నీటిలో కలిపే క్లోరిన్ అలా కాదు. అది కొంత మిగిలి ఉండి, దారిలో చేరే క్రిములను కూడా చంపుతుంది. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన దేశపు ప్రమాణం. ఆ కొద్దిపాటి మందు వాసనకు విసుక్కోకూడదు.

మరొక సంగతి. రాయలసీమలో పలుచోట్ల బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంటుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండా ఉండాలి. వేరే నీళ్ళు దొరకనిచోట 1.5 వరకే అనుమతి. ఎక్కువైతే పిల్లల పళ్ళకు గార మచ్చలు పడతాయి, ఏళ్ళు గడిచేకొద్దీ ఎముకలు బిగుసుకుపోతాయి. ఫ్లోరైడ్‌కు రంగు, రుచి, వాసన లేవు. ఓజోన్ దానిని తీసివేయలేదు. నీళ్ళు కాచినా పోదు. ఆర్.ఓ. వడపోత చాలావరకు తీసివేస్తుంది. కనుక మన బోరు నీళ్ళను ఒకసారి పరీక్ష చేయించుకోవడం మేలు.

గదిలో దుర్వాసన పోవడానికంటూ ఓజోన్ మిషన్లు కూడా అమ్ముతున్నారు. క్రిములను చంపేది మన ఊపిరితిత్తులనూ విడిచిపెట్టదు. దగ్గు, ఆయాసం వస్తాయి. ఉబ్బసం ఉన్నవారికి మరీ ప్రమాదం. మనుషులున్న గదిలో దానిని నడపకూడదు. ఎలుక చచ్చిన వాసనకు ఎలుకను తీసివేసి, కిటికీలు తెరిస్తే చాలు.

ఇక అవ్వకు మేము చెప్పిన జవాబు: "మిషను దగ్గర చచ్చేది అప్పుడున్న క్రిములే అవ్వా. ఇంటికి వచ్చిన తరువాత చెయ్యి ముంచితే కొత్తవి చేరతాయి." కడవను రోజూ తోమి కడగండి. మూత పెట్టండి. కాడ ఉన్న ముంతతోనే నీళ్ళు తీయండి. పసిపిల్లలకు, జబ్బుపడి లేచినవారికి తెర్లకాచి చల్లార్చిన నీళ్ళే ఇవ్వండి. వీటికి ఖర్చు తక్కువ, మేలు ఎక్కువ.