చేప ఎముకకు బలం మేతలోనే

తవుడులో భాస్వరం ఉన్నా ఒంటబట్టేది స్వల్పమే

మైలవరం: మైలవరం ప్రాంతపు కొండల్లో పుట్టిన బుడమేరు కొల్లేరులో కలుస్తుంది. ఆ కొల్లేరు పరిసరాల్లో వేలాది కుటుంబాలకు శీలావతి, బొచ్చె చేపల పెంపకమే ఆధారం. నూనె తీసిన తవుడును చిల్లుల సంచుల్లో నింపి చెరువులో వేలాడదీయడం ఇక్కడి పద్ధతి. అయితే కడుపు నిండినంత మాత్రాన చేప ఎముక గట్టిపడదు.

ఎముకకు ప్రధానంగా కావలసినవి కాల్షియం, భాస్వరం. కాల్షియంను చేప మొప్పల ద్వారా నీటినుంచే గ్రహిస్తుంది. నీటిలో భాస్వరం అత్యల్పం కనుక అది మేతలోనే అందాలి. తవుడులో భాస్వరానికి కొదవ లేకున్నా, అధికభాగం ఫైటేట్ రూపంలో బంధమై ఉంటుంది. దానిని చేప జీర్ణించుకోలేదు. పైగా ఈ జాతులకు ఆమ్లం ఊరే జీర్ణాశయం లేదు. అందువల్ల ఎముకల పొడిలోని భాస్వరమూ సరిగా అందదు.

జపాన్‌లో 1970వ దశకంలో బంగారుతీగ చేపలపై జరిగిన పరిశోధనల్లో మోనోకాల్షియం ఫాస్ఫేట్‌లోని భాస్వరం సుమారు 94 శాతం ఒంటబట్టింది. డైకాల్షియం ఫాస్ఫేట్‌లో ఇది 46, ట్రైకాల్షియంలో 13 శాతమే.

లోపముంటే ఎదుగుదల మందగిస్తుంది, ఎముకలు మెత్తబడతాయి, తల ఆకారం మారుతుంది. విటమిన్ సి లోపించినా వెన్ను వంకరపోతుంది కనుక కారణం తేల్చుకున్నాకే ఖర్చు చేయాలి.

మోతాదు మించినా నష్టమే. జీర్ణం కాని భాస్వరం నీటిలో చేరి నాచు పెరుగుతుంది. తెల్లవారుజామున ప్రాణవాయువు తగ్గి చేపలు పైకి తేలుతాయి. మేత కొనేటప్పుడు అందులో ఏ ఫాస్ఫేట్ ఉందో, ఫైటేట్‌ను విడదీసే ఫైటేజ్ ఎంజైము కలిపారో లేదో రైతులు అడిగి తెలుసుకోవడం మేలు.